శాలువా కప్పి పంపించేశారు

నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన రోజు నా మెడలో మూడు దండలున్నాయి. భుజాల మీద జరీ అంచు శాలువా, చేతుల్లో పళ్ళబుట్ట. ఎదురుగా కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు. నేను కూడా బుట్ట కింద పెట్టి మరీ వాళ్ళతో పాటు కొట్టాను. తీసేశారన్న సంగతి నాకు మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి గానీ తెలియలేదు.

నేను తొమ్మిదేళ్ళు రాజమండ్రిలో ఒక బట్టల కొట్టులో చీరలమ్మాను. రోజూ ధవళేశ్వరం నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నేను చేరిన కొత్తలో అది పాతకాలం కొట్టు. గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి కొనేవాళ్ళూ పరుపెక్కి కూర్చునేవారు, అమ్మేవాళ్ళమూ కూర్చునేవాళ్ళం. బాసింపట్టు వేసుక్కూర్చుని చీర మడత పట్టుకుని ఒక్క విసురు విసిరితే కొంగు వెళ్ళి కొనేవాళ్ళ ఒళ్ళో పడాలి. అలా విసరడంలో నాకు మంచి పేరుండేది. చంటిపిల్లలతో వచ్చిన ఆడవాళ్ళు పిల్లల్ని ఆ పరుపు మీదే నిద్రపుచ్చి, తీరిగ్గా యాభై చీరలు తీయించి, ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయేవారు. అయినా ఎవరికీ కాళ్ళ నొప్పులుండేవి కావు.

అలాంటిది, మా షావుకారుగారు ఒకసారి హైదరాబాదు వెళ్ళొచ్చారు. అక్కడ ఏం చూశారో గానీ, వచ్చిన రెండు నెలల్లో పరుపు తీయించేసి అద్దాల కౌంటర్లు పెట్టించారు. కొట్టు కాస్తా షోరూం అయింది. కొనేవాళ్ళకి గుండ్రంగా తిరిగే కుర్చీలొచ్చాయి. మాకు నేల మిగిలింది. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా, అన్నం తినే అరగంట తప్ప, నిలబడే ఉండాలి. కొట్టు ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. "నిలబడితే చురుగ్గా కనపడతారమ్మా" అన్నారు షావుకారుగారు. ఆ మాట ఆయన కూర్చునే అన్నారు.

ఆయన గురించి నిజం చెప్పాలి. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. అందరినీ మీరు అనే పిలిచేవారు. కొట్లో దూరిన పిల్లిని కూడా "దయచెయ్యమ్మా, దయచెయ్యి" అంటూ బయటికి తోలేవారు. ఏటా అన్నవరంలో వ్రతం చేయించుకొచ్చి మా అందరికీ విస్తరాకుల్లో ప్రసాదం పంచేవారు. పాపం, ఆయనకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం సన్మానం. బదిలీ అయిన ఎస్సై, రిటైరైన హెడ్మాస్టరు, ఊళ్ళో పద్యం రాసిన ప్రతి మనిషి, ఎవరు కనపడితే వాళ్ళకి మేడ మీద హాల్లో సభ పెట్టి శాలువా కప్పేవారు. శాలువాలు ఎలాగూ మా కొట్టువే.

ఆ సభల్లో ఎవరేం అడిగినా ఆయన మైకు పుచ్చుకుని అక్కడికక్కడే ఇచ్చేసేవారు. లైబ్రరీకి ఫ్యాన్లు ఇచ్చారు, బడికి బెంచీలు ఇచ్చారు, ఒక కవిగారి పుస్తకం అచ్చు ఖర్చంతా ఇచ్చారు. ఫ్యానూ రాలేదు, బెంచీ రాలేదు, ఆ పుస్తకం ఇంతవరకూ నేను చూడలేదు. ఎవరూ అడగలేదు కూడా. మైకు ముందు ఇచ్చిన మాటని మర్నాడు గుర్తు చెయ్యడం మా వైపు మర్యాద కాదు.

నా పక్క కౌంటరు జాకెట్ ముక్కలది. అక్కడ ఒక అమ్మాయి ఉండేది. నన్ను అక్కా అని పిలిచేది. నోట్లో నాలుక లేని పిల్ల. ఆ ఏడు ఆమెకి రెండో కానుపు, ఐదో నెల. సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టేవి కావు. ర్యాకుకి ఆనుకుంటే షావుకారుగారు ఎంతో ఆప్యాయంగా "ఒంట్లో బాగోలేదామ్మా? ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి" అనేవారు. అలా విశ్రాంతికి వెళ్ళిన ఇద్దరు మళ్ళీ కౌంటర్లోకి రాలేదని మాకందరికీ తెలుసు. అందుకని ఆ పిల్ల ఒంట్లో బాగానే ఉందండీ అని నిటారుగా నిలబడేది. ఎవరూ లేనప్పుడు బట్టలు మార్చుకునే గదిలోకి దూరి, తలుపేసుకుని, నేల మీద రెండు నిమిషాలు కూలబడి వచ్చేది. నేను గది బయట కాపలా ఉండేదాన్ని. కూర్చోవడం కూడా దొంగతనంలా చెయ్యాలా అని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆ మంటలోనే అర్జీ రాశాను. "మహారాజశ్రీ షావుకారుగారికి, కొట్లో బేరం లేనప్పుడు కూర్చోవడానికి ఆరు స్టూళ్ళు ఇప్పించవలసిందిగా కోరుచున్నాము." పదకొండు మంది ఆడవాళ్ళం సంతకాలు చేశాం. ఆయన దాన్ని చదివి, కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నారు. "అలాగేనమ్మా, చూద్దాం" అన్నారు. నెల్లాళ్ళు చూశారు.

అప్పుడు రంగంలోకి దిగింది మా అత్తగారు. ఆవిడ వయసులో ఉండగా పొగాకు ఆరబెట్టే బేరన్లలో ఆకు గ్రేడింగ్ చేసేది. మంచి ఆకునీ చెత్త ఆకునీ ఎలా వేరు చేసేదో మనుషుల్నీ అలాగే వేరు చేస్తుంది. చదువు రాదు గానీ లేబరాఫీసు గుమ్మాలన్నీ ఆవిడకి తెలుసు. ఎప్పుడో బేరను యజమాని పాతికమంది ఆడవాళ్ళని ఒక్కసారిగా మానిపించేస్తే, వాళ్ళందరినీ వెంటేసుకుని ఆ గుమ్మాలు ఎక్కిందట.

"కాగితం కొట్లో ఇస్తే ఏముందే? ఇవ్వాల్సిన చోట ఇవ్వాలి" అని నన్ను వెంటబెట్టుకుని లేబరాఫీసుకి తీసుకెళ్ళింది. అర్జీ ఇచ్చాం. నాలుగు రోజులకి అక్కడి నుంచి ఒకాయన మా కొట్టుకొచ్చి, రిజిస్టరు చూసి, మమ్మల్ని రెండు ప్రశ్నలడిగి, కూల్‌డ్రింక్ తాగి వెళ్ళారు. షావుకారుగారు ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, వెనక్కి వచ్చి, నా వైపు చూసి నవ్వారు. అది నిజంగా చాలా మంచి నవ్వు.

వారం తిరక్కుండా ప్రకటించారు, షోరూం వార్షికోత్సవానికి నాకు సన్మానమని.

నేను పొంగిపోయాను. ఇంటికొచ్చి చెప్తే మా అత్తగారు వక్క కొరకడం ఆపింది. "తిట్టాల్సినవాడు శాలువా కప్పుతానంటాడేంటే?" అంది.

"మీకు అందరి మీదా అనుమానమే అత్తయ్యా. తప్పు తెలుసుకున్నారాయన" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

సభ రోజున నా పెళ్ళినాటి పట్టుచీర కట్టుకున్నాను. మేడ మీద హాలంతా ప్లాస్టిక్ కుర్చీలు, కడియం నుంచి తెప్పించిన బంతిపూలు, ముందు వరసలో ఊరి పెద్దలు, మూల లైటు పట్టుకుని వీడియో ఆయన. మా అమ్మాయిలు పదిమందీ గోడ వారన నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి గానీ వాళ్ళని కూర్చోమని ఎవరూ అనలేదు. నా చూపు ఆ పక్కకి పోలేదు. సిగ్గుపడుతూ చెప్తున్నాను, నా చూపంతా దండల మీదే ఉంది.

ఒక పంతులుగారు సన్మానపత్రం చదివారు. "సౌజన్యమూర్తీ! వస్త్రవిపణి వీణాపాణీ!" అని మొదలెట్టి పావుగంట చదివారు. సన్మానపత్రాన్ని ఎవరైనా వింటారా అండీ? అది చదువుతున్నంతసేపూ తల వంచుకుని వినయంగా ఉండాలి, అయ్యాక అద్దాల ఫ్రేముతో సహా పుచ్చుకోవాలి, ఇంటికెళ్ళి గోడకి తగిలించుకోవాలి. నేనూ అంతే చేశాను. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. కంగారుకంగారుగా మైకు దగ్గరికెళ్ళి ఏదో మాట్లాడాను. ఏం మాట్లాడానో దిగేసరికే మర్చిపోయాను. అందరూ చప్పట్లు కొట్టారు కాబట్టి బాగానే మాట్లాడి ఉంటానని అనుకున్నాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి కొట్టుకెళ్ళాను. గల్లాపెట్టె గుమస్తాగారు నన్ను గుమ్మంలోనే ఆపారు.

"అదేంటండీ, ఇలా వచ్చారు? రాత్రి ఏమైనా మర్చిపోయారా?"

"డ్యూటీకొచ్చానండి."

"మీరు విశ్రాంతి తీసుకుంటున్నారు కదండీ" అన్నారాయన, నాకేదో మతిపోయినట్టు జాలిగా.

లోపల్నుంచి షావుకారుగారు వచ్చారు. "అంత గౌరవంగా సాగనంపుకున్నాం కదమ్మా. మళ్ళీ మీరిలా వచ్చేస్తే ఆ గౌరవం ఏం కాను?" అన్నారు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. లోపల పక్క కౌంటరు పిల్ల జాకెట్ ముక్కలు సర్దుతోంది. తలెత్తి నన్ను చూడలేదు.

ఇంటికెళ్ళి గోడ మీంచి సన్మానపత్రం దింపి మా అత్తగారి ముందు కూర్చుని పైకి చదివాను. మొదటి రెండు పేరాల్లో నేను సరస్వతిని, లక్ష్మిని. మూడో పేరాలో "గృహజీవన మాధుర్యమును ఆస్వాదింపగోరి, స్వచ్ఛందముగా విశ్రాంతిని అభిలషించిన నీకు" అని ఉంది. మళ్ళీ చదివాను. స్వచ్ఛందంగా అనే ఉంది. ముప్ఫై ఆరేళ్ళకి నన్ను రిటైర్ చేసేశారు. అదీ నా చేత చప్పట్లు కొట్టించుకుని.

అప్పుడు ఏడ్చాను. కోపంతో కాదు, నిజంగా భయం వేసి ఏడ్చాను. ఇద్దరు పిల్లలు బళ్ళో ఉన్నారు. మా ఆయన లారీ ఆఫీసులో చేసే ఉద్యోగం ఒక్కదానితో ఇల్లు నడవదు. నాకొచ్చిన పని చీర విసరడం ఒక్కటే. రాజమండ్రిలో ఇంకే బట్టల కొట్టుకెళ్ళినా, లేబరాఫీసుకెళ్ళిన మనిషని నన్ను లోపలికి రానివ్వరు.

మా అత్తగారు నన్ను కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత పళ్ళబుట్టలోంచి ఒక రావులపాలెం అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. "తిను. తిని పద. ఆర్నెల్లు దాటి పనిచేసిన మనిషిని కారణం చూపించకుండా, నోటీసివ్వకుండా తియ్యటానికి లేదు. శాలువా నోటీసెలా అవుద్దో నేనూ చూస్తాను" అంది.

లేబరాఫీసరుగారు ఇద్దరికీ కబురంపి ఒక తారీఖు వేశారు. చిన్న గది, బల్ల, ఆయన కుర్చీ కాక రెండు కుర్చీలు. నేనూ మా అత్తగారూ గోడకి ఆనుకుని నిలబడ్డాం. షావుకారుగారు మాత్రం పెళ్ళికొచ్చినట్టు తరలివచ్చారు. సన్మానపత్రం నకలు తెచ్చారు. సభ వీడియో క్యాసెట్టు తెచ్చారు. ఆఫీసులో టీవీ ఉండదని తన ఇంట్లో టీవీ, వీసీఆరు రిక్షాలో వేయించి మరీ తెచ్చారు. సాక్షిగా మా పక్క కౌంటరు పిల్లని తెచ్చారు.

ఆ పిల్లని చూడగానే నాకు చర్రున కోపమొచ్చింది. ఎవరి కాళ్ళ కోసమని నేను ఇదంతా నెత్తిన వేసుకున్నానో ఆ మనిషే నా మీద సాక్ష్యానికి వచ్చింది. కడుపు ముందుకొచ్చేసింది, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. కానీ నా కోపం దాన్నేమీ పట్టించుకోలేదు.

ఆఫీసరుగారు ఆమెని చూసి "కూర్చోండమ్మా" అని కుర్చీ చూపించారు.

ఆ పిల్ల కూర్చోలేదు. తలతిప్పి షావుకారుగారి వైపు చూసింది.

అది సర్కారు ఆఫీసు. కూర్చోమన్నది ఆఫీసరు. అయినా షావుకారుగారి అనుమతి కోసం చూసింది. షావుకారుగారు క్యాసెట్టు అట్ట విప్పుకుంటున్నారు, గమనించలేదు. ఆమె అలాగే నిలబడి ఆయన తలెత్తేదాకా చూస్తూనే ఉంది. చివరికాయన "కూర్చోండి తల్లీ" అంటే అప్పుడు కూర్చుంది, కుర్చీ అంచున. ఆఫీసరుగారు రాయడం ఆపి ఆమెనీ ఆయన్నీ మార్చి మార్చి చూశారు. నా కోపం ఎటు పోయిందో తెలీదు.

"ఈవిడ ఉద్యోగం మానేస్తానని మీతో అన్నారా?" అని అడిగారు ఆఫీసరుగారు.

"అన్నట్టే గుర్తండి" అంది ఆ పిల్ల, కాళ్ళ వైపు చూసుకుంటూ. మా అత్తగారు ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇక క్యాసెట్టు పెట్టారు. ముందు తెర మీద గులాబీలు విచ్చుకున్నాయి. ఒక్కొక్క గులాబీలోంచి షావుకారుగారి ముఖం వచ్చింది. తర్వాత ఆయనకి దండ వేయడం, ఆయన దీపం వెలిగించడం, ఆయన ఉపన్యాసం. గదిలో షావుకారుగారు ముందుకి వంగి ముగ్ధులై చూస్తున్నారు. అక్కడిదాకానే ఆయన ఇంట్లో చాలాసార్లు వేసుకుని ఉంటారని నా నమ్మకం. ఎందుకంటే తర్వాత వచ్చింది ఆయన ముందే చూసి ఉంటే, ఆ టీవీ రిక్షా ఎక్కేది కాదు.

తర్వాత నేనొచ్చాను. మూడు దండల మధ్య నుంచి ముక్కు ఒక్కటే కనపడుతోంది. "షావుకారుగారు నన్ను ఇంతదాన్ని చేశారండి" అంటున్నాను తెర మీద. "రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఎప్పట్లాగే వచ్చి ఇంకా బాగా పనిచేస్తానండి. దసరా బేరాలకి ముందే మా ఆరు స్టూళ్ళూ వేయిస్తే మా అమ్మాయిలంతా..." అంటుండగా షావుకారుగారు లేచి నా చేతిలోంచి మైకు పుచ్చుకున్నారు. అలవాటైన ప్రాణం కదా! "ఆరేంటమ్మా? పన్నెండు వేయిస్తాను!" అన్నారు. హాలంతా చప్పట్లు.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆ మాటలు నేనన్నానంటే నాకే నమ్మకం కలగలేదు.

లేబరాఫీసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "ఆ ముక్క మళ్ళీ ఒకసారి వెయ్యండి" అన్నారు ఆఫీసరుగారు. మళ్ళీ వేశారు. ఆరేంటమ్మా, పన్నెండు వేయిస్తాను. మా అత్తగారు "ఇంకోసారి" అంది. మిమ్మల్నెవరడిగారని ఆవిడని ఎవరూ అనలేదు.

ఆఫీసరుగారు కలం మూత పెట్టారు. "షావుకారుగారూ, ఈవిడ ఇచ్చిన రాజీనామా కాగితం ఏదండీ? లేదు. మీరిచ్చిన నోటీసు ఏది? లేదు. తప్పు చేసిందని విచారణ జరిపారా? అదీ లేదు. రేపొస్తానని మీ మైకులోనే చెప్తోంది. సోమవారం నుంచి డ్యూటీలోకి తీసుకోండి" అన్నారు. ఆ తర్వాత, "స్టూళ్ళ సంగతి చట్టంలో ఎక్కడుందో నేను వెతుక్కోవాలి. కానీ వెతకాల్సిన పని లేకుండా మీరే ఇచ్చేశారు కదండీ" అన్నారు.

మైకులో ఇచ్చిన మాటని ఆయనకి మర్నాడు గుర్తు చేసిన మొదటి మనిషి ఆయన సొంత టీవీయే. షావుకారుగారు నవ్వడానికి ప్రయత్నించారు. "తప్పకుండానండి" అన్నారు.

సోమవారం వెళ్ళేసరికి కౌంటర్ల వెనక నీలం రంగు ప్లాస్టిక్ స్టూళ్ళు పన్నెండూ ఉన్నాయి. మాలో ఎవరూ కూర్చోలేదు. అందరూ వాటిని శుభ్రంగా తుడిచారు, చుట్టూ తిరిగారు, వాటి మీద చీరలు కూడా పెట్టారు. పోరాడి తెచ్చిన నాకే, కూర్చుంటే ముళ్ళ మీద ఉన్నట్టుంది. గుమ్మంలో నీడ పడితే చాలు, ఒళ్ళు దానంతటదే లేచిపోయేది. అలా నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ పక్క కౌంటరు పిల్ల నాతో మాట్లాడలేదు, నా ముఖం చూడలేదు, స్టూలు ముట్టుకోలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం బేరాలు లేవు. "అక్కా" అంది ఆ పిల్ల నెమ్మదిగా. చెంపలు తడిగా ఉన్నాయి. నేను నా స్టూలు తీసుకెళ్ళి ఆమె స్టూలు పక్కన వేసుకుని కూర్చున్నాను. "పాదాలు చూడు, బూరెల్లా ఉన్నాయి. కూర్చో" అన్నాను. కూర్చుంది. ఇద్దరం కాసేపు అలా ఊరికే కూర్చున్నాం.

ఇంతలో గుమ్మంలోకి ఒక తల్లీ కూతురూ వచ్చారు, పెళ్ళి జాకెట్ల కోసం. వాళ్ళ వెనకే షావుకారుగారు వచ్చారు. కొట్లో మిగతా తొమ్మిదిమందీ లేచి నిలబడ్డారు. నేనూ లేచాను, నా ఒళ్ళు నా మాట వినలేదు. ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులు ఆనించి సగం లేచింది. సగంలో ఆగింది. షావుకారుగారు ఆమెనే చూస్తున్నారు.

ఆమె ఆయన వైపు చూడలేదు. మళ్ళీ కూర్చుంది, ఈసారి స్టూలు అంచున కాదు, నిండుగా. కొంగు సర్దుకుని వచ్చినవాళ్ళ ముఖంలోకి చూసి, "ఏ రంగు చూపించమంటారండీ?" అని అడిగింది.